కుడివైపు గుండె

పదకొండో రోజు పొద్దున ఓజియోమా తల్లికి మొక్కజొన్న జావ తెచ్చింది. భర్త పోయిన నాటి నుంచి ఎబెరే గోడవార చాప మీదే ఉంది. ఇరవై ఎనిమిది రోజులూ కదలకుండా కూర్చోవాలని, లేస్తే మొగుణ్ణి తనే చంపినట్టని ఆ ఇంటి ఆడపడుచుల కట్టడి. రెండు గుక్కలు తాగేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది. ఎడమ పిక్క వాచి నున్నగా మెరుస్తోంది.

ఒవెర్రి పట్నంలోని ఆసుపత్రిలో ఓజియోమా పని గుండె స్కానింగ్. అరచేతిలో ఇమిడే యంత్రాన్ని సంచిలోంచి తీసి, తల్లి రొమ్ము కింద ఆనించి, ఫోన్‌లో చూసింది. గుండె కుడి గది పెద్దదై, మధ్య గోడను ఎడమకు తోస్తోంది. కాలిలో కట్టిన నెత్తురు గడ్డ ఊపిరితిత్తులకు చేరి అడ్డం పడితే ఇలాగే అవుతుంది. గడ్డ కనపడలేదు. దానితో పెనుగులాడుతున్న గుండె కనపడింది.

"గుండె ఉబ్బింది," అనేసింది.

గుమ్మంలో కూర్చున్న మేనత్త ఉగోయే అందుకుంది. "ఉబ్బదూ మరి, మొగుడు పోయిన గుండె!"

"కుడివైపు ఉబ్బింది అత్తా."

"కుడివైపేనా? అయితే మా తమ్ముడి కోసం సగమే ఏడ్చిందన్నమాట!"

బయట ఆడవాళ్లు నవ్వారు.

"ఇది దుఃఖం కాదత్తా, జబ్బు. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాలి."

ఎబెరే కూతురి మణికట్టు పట్టుకుంది. "దుఃఖం కాదనకే. నేను ఆయన్ని చంపలేదని ఇప్పుడిప్పుడే నమ్ముతున్నారు."

"చచ్చిపోతావమ్మా!"

"కాళ్లు కూడా చాపొద్దని నువ్వే కదే చెప్పావు."

అవును, చెప్పింది. తల్లి పరువు కోసమని అప్పుడు అనుకుంది. కాదు. హంతకురాలి కూతురు అనిపించుకోవడం తనకు భయం.

"గడప దాటావో..." అంటూ ఉగోయే ఎబెరే మీదికి లేచింది.

"కూర్చోబెట్టింది నేను. లేపేదీ నేనే. అనేదేదో నన్నను అత్తా." ఓజియోమా కారు పిలిపించి, తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, డ్రైవర్ సాయంతో కారు దాకా మోసింది. ఆడపడుచులెవరూ చెయ్యి వెయ్యలేదు.

సాయంత్రానికి ఆసుపత్రిలో ఎబెరే నరంలోకి మందు ఎక్కుతోంది. ఆయాసం కాస్త తగ్గింది.

"నువ్వు ఆ యంత్రం ఆనించినప్పుడు భయపడ్డానే," అంది ఎబెరే మెల్లగా. "లోపల దుఃఖం లేదని తెలిసిపోతుందేమోనని."

ఓజియోమా తల్లి కాళ్లను చాపి దిండు మీద పెట్టింది.

"నాకూ లేదమ్మా," అంది.

అప్పుడు ఇద్దరికీ ఏడుపొచ్చింది.