ఎడమ అంచున పేరు

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఒకమ్మాయితో తగువు పెట్టుకున్నాను. అదీ ఖాళీ జాగా గురించి.

నలుగురం కలిసి ఒకే ప్రోగ్రామ్ రాసేవాళ్లం. లైను ముందు ఒకరు రెండు ఖాళీలు వదిలితే, ఇంకొకరు ఎనిమిది. ఎవరు పట్టిన కుందేలుకు వాళ్లు మూడే కాళ్లనేవారు. అందరికీ నాలుగే అని నేను పట్టుబట్టాను. ఫార్మాటర్ ఉంది, ఒక్కసారి నడిపితే మొత్తం కోడ్‌ని అదే సర్దేస్తుంది. మిగతా ఇద్దరూ సరేనన్నారు. కిటికీ పక్క సీటమ్మాయి మాత్రం తల అడ్డంగా ఊపింది.

"కొత్త కోడ్‌కి మీ రూల్ పెట్టుకోండి. పాతది ముట్టుకోకండి."

"పాతదే కదండీ, దువ్వెన చూడని జుట్టులా ఉంది! ఇంతకీ రాసిన మహానుభావుడెవరో?"

తను చివ్వున లేచింది. వానలోకే గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

"అది వాళ్లన్నయ్య రాసిందయ్యా," అన్నాడు టీమ్ లీడ్ మెల్లగా. "అతను పోయి ఏడాదిన్నర. ఫార్మాటర్ నడిపితే ఏమవుతుందో నీకు తెలీదూ?"

తెలుసు. ఏ లైను తెరిచినా, దాన్ని చివరిసారి మార్చినవాళ్ల పేరు ఎడమ అంచున కనిపిస్తుంది. నేను ఫార్మాటర్ నడిపితే పదకొండు వేల లైన్ల పక్కన అతని పేరు పోయి నా పేరు వస్తుంది. నా నోరు పడిపోను, ఏం మాటన్నాను!

మూడు రోజులు వాన ఆగలేదు, తను మాట్లాడలేదు. టీ మిషన్ దగ్గర నన్ను చూస్తే వెనక్కి తిరిగేది. నాకు తిండి సహించలేదు. ప్రేమలో పడ్డానని అప్పుడే తెలిసింది, సరిగ్గా తను నా మొహం చూడనప్పుడు.

నాలుగో రోజు తనే వచ్చింది.

"నడిపేయండి. నలుగురి పనికి నా ఏడుపు అడ్డమెందుకు? పొద్దున్నే ఒక ఫైలు తెరిచి వాడి పేరు చూసుకుంటాను. అంతే."

సాయంత్రం ఫార్మాటర్ నడిపి తనని పిలిచాను. స్క్రీన్ వైపు చూడటానికే భయపడింది. తీరా చూస్తే, లైన్లన్నీ వరసగా సర్దుకున్నాయి. అంచున వాళ్లన్నయ్య పేరు అలాగే ఉంది.

"ఎలా?"

"అంచున పేరు చూపించేటప్పుడు ఏ మార్పుని లెక్కలోకి తీసుకోకూడదో ఒక లిస్టులో రాయొచ్చండీ. అందులో ఒక్కటే ఉంది. నాది."

"ఇంత పని చేసి, మీ పేరు ఎక్కడా కనబడదా?"

"అక్కర్లేదు."

తను అక్కడే కూర్చుని ఏడ్చింది. నాకు ఓదార్చడం రాదు, నోట్లో ఉన్న మాటే వచ్చేసింది. "నాకు మీరంటే ఇష్టమండీ."

"ఇప్పుడేం అడక్కండి," అంది కళ్లు తుడుచుకుంటూ. "మా అమ్మ ఇంకా వాడికి కూడా కంచం పెడుతోంది."

సోమవారం టీమ్ లీడ్ నా కుర్చీ వెనక నిలబడి దగ్గాడు. "ఆ లిస్టులో ఎవరో కామెంట్ రాశారయ్యా. రివ్యూ చేసి ఓకే అన్నాను."

తెరిచాను. నా ఎంట్రీ పైన కొత్త లైను, ముందు రూల్ ప్రకారం నాలుగు ఖాళీలు.

'ఇది చేసిందెవరో నాకు గుర్తుంటుంది. కొన్నాళ్లు ఆగు.'

కిటికీ వైపు చూశాను. తను వానని చూస్తోంది.