పిలుపుకి పలికిన మనిషి

కతార్‌లో, ఐన్ ఖాలిద్‌లోని ఆ ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ పడుకునేవారు. వంట చేసే రెజీనా, బట్టలు ఇస్త్రీ చేసే హైదరాబాదు వజీరున్నీసా మాత్రం వంటింట్లో మేలుకుని ఉండేవారు.

ఆ రోజు బయట దుమ్ముగాలి. పట్టపగలే లైటు వేసుకున్నారు. రెజీనా బియ్యం ఏరుతోందన్నమాటేగానీ మనసంతా ఊళ్ళో కోర్టు దగ్గరే ఉంది.

అమ్మ సుకుమారి ఇంటిస్థలాన్ని పక్కింటి నిత్యానందం కలిపేసుకుని గోడ కట్టాడు. అమ్మ కేసు వేసింది. ఆయన ఒకసారి వకీలుకి జ్వరమన్నాడు, ఇంకోసారి కాగితాలు అందలేదన్నాడు. ఈలోగా జడ్జిగారు మారారు. వాయిదాల మీద వాయిదాలు. కోర్టు వరండాలో కూర్చుని కూర్చునే అమ్మ పోయింది. వారసురాలిగా తన పేరు ఎక్కించమని రెజీనా అర్జీ పెడితే దానికీ వాయిదాలే. అందాకా బంట్రోతు చచ్చిపోయిన మనిషి పేరే పిలుస్తున్నాడు. ఈ రోజు వారసురాలు స్వయంగా వచ్చి పలక్కపోతే కేసు కొట్టేస్తామన్నారట. ఇక్కడేమో అర్బాబు, అంటే ఇంటి యజమాని, సంతకం లేందే దేశం దాటనివ్వరు. సెలవడిగితే మాఫీ, లేదు పొమ్మన్నాడు.

గాలి ఆగింది.

తలుపు అవతల ఎవరో దగ్గారు. పాత కాగితాల వాసన... తడిసిన ఖాకీ వాసన...

"కొల్లాబత్తుల సుకుమారీ..."

సాగదీసిన గొంతు. కోర్టులో పిలిచినట్టే. వజీరున్నీసా చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది.

రెండో పిలుపు. ఇంకా దగ్గరగా.

"పలకొద్దు." వజీరున్నీసా గుసగుసగా అంటూ రెజీనా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "మిట్టమధ్యాహ్నం గిట్ల పిలిస్తే పలికినోళ్ళు బతకరంటరు."

ఇంట్లోవాళ్ళ ముందు గొంతు పెగలని మనిషి రెజీనా. ఆ చేతిని తోసేసింది.

"పలక్కపోతే స్థలం పోద్దక్కా."

మూడో పిలుపు... తలుపుకి ఇవతల, వంటింట్లోంచే వచ్చింది.

"హాజరు," అని అరిచింది రెజీనా. "సుకుమారి కూతుర్ని. ఇక్కడే ఉన్నా. ఎన్నిసార్లు పిలిచినా ఉంటా."

లైటు ఆరి, వెలిగింది. ఎవరూ లేరు.

చాలాసేపటికి ఫోను మోగింది. వకీలు గుమస్తా ఎడ్విన్, కోర్టు ఎదురు బూత్ నుంచి. మూడో పిలుపుకి నువ్వు పలికావు, నీ పేరు ఎక్కించారు, వాళ్ళు మళ్ళీ గడువడిగితే జడ్జిగారు కుదరదన్నారు అని సంబరంగా చెప్పాడు. ఊరొచ్చి ఒక్క కబురైనా చెయ్యలేదేమని, వరండాలో పిలిచినా పలకవేమని, అందుకే ఈ నంబరుకి చేశానని దెప్పాడు. నేను కతార్‌లోనే ఉన్నానయ్యా, నువ్వు చేసింది ఇక్కడి నంబరుకేగా అంది రెజీనా.



"మరి వరండాలో ముసుగేసుకుని కూర్చున్నదెవరక్కా?" గొంతు తగ్గించాడు ఎడ్విన్. "కోర్టు మూసేశారు. ఆవిడ కదల్లేదు. నిత్యానందం గారి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆయన లేవలేకపోతున్నాడు."

రెజీనా బియ్యం చేట పక్కకి జరిపింది.

"కూర్చోనీ తమ్ముడూ. మా అమ్మ కూర్చోలేదా అన్నేళ్ళు."

"అది కాదక్కా... ఇందాక నల్లగా ఉన్న ఆయన జుట్టు నేను చూస్తుండగానే తెల్లబడిపోయింది. గోళ్ళు పెరుగుతున్నాయి... బెంచీ దిగి... నేలకి తగులుతున్నాయి."