కోరస్‌లో సాయిదుర్గ

రత్నమాణిక్యానికి కొడుకు మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఊళ్ళో అందరి కొడుకులూ చెరుకు తోటలు చూసుకుంటారు, బియ్యం కొట్లో కూర్చుంటారు, ఏదీ చేతకాకపోతే బ్యాంకు పరీక్షలు రాస్తారు. ఆవిడ కొడుకు ఉదయభాస్కర్ మాత్రం పొద్దున్నే లేచి "ఆ" కోస్తాడు. వంటింట్లో ఆవిడ వీశెడు వంకాయలు కోసేసినా పక్కగదిలో వాడి "ఆ" ఒక్కటి తెమలదు. వంకాయలైతే కనీసం కూరవుతాయి.

పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ పాడే ఆర్కెస్ట్రాలో వాడు కీబోర్డు వాయిస్తాడు. మద్రాసు నుంచి పాతది కొనుక్కొచ్చాడు. మైకు తగిలించి ఏ శబ్దం వినిపించినా అది లోపల దాచుకుంటుంది. తర్వాత ఏ మెట్టు నొక్కితే ఆ స్థాయిలో అదే శబ్దం పలుకుతుంది. కాకపోతే ఆ శబ్దం ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో అగ్గిపెట్టెంత తెర మీద చూసి సరిచెయ్యాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పాట మధ్యలో టక్కుమంటుంది. సరిగ్గా కుదిరితే మాత్రం, వేలు తియ్యనంతసేపూ ఊపిరి తీసుకోకుండా పాడుతుంది.

వాడు కోసి పాటల్లో కోరస్‌గా వాడే ఆ "ఆ" వాడి చెల్లెలు సాయిదుర్గది.

సాయిదుర్గ రెండేళ్ళ క్రితం కడియంలో మొక్కల నర్సరీ ఉన్న అబ్బాయిని రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకుంది. వాళ్ళు వీళ్ళ కులం కాదు. దండలతో గుమ్మంలోకి వచ్చిన ఇద్దరినీ చూసి తండ్రి బుల్లిబాబు గారు, తనకున్నది ఒక్కడే కొడుకనీ, కూతుళ్ళు లేరనీ చెప్పి తలుపేసుకున్నారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఏడవలేదు, పోట్లాడుకోలేదు. ఒకరోజు రత్నమాణిక్యం పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. మొగుడూ కొడుకూ మారు వడ్డించుకుని మరీ తిన్నారు. తను తిన్నాక కూడా ఆవిడకి తెలియలేదు. సాయంత్రం పనిమనిషి లోవలక్ష్మి మిగిలిన పప్పు నోట్లో పెట్టుకుని, ఇంట్లో ఎవరికన్నా బీపీ వచ్చిందాండి అని అడిగింది.

పక్కగదిలోంచి వచ్చే గొంతు ఎవరిదో బుల్లిబాబు గారికి తెలుసు. తెలిసినట్టు భార్యకీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు కనక రోజులు గడిచాయి.

ఇప్పుడు సాయిదుర్గకి ఏడో నెల, వారం దాటితే ఎనిమిది వస్తుంది. తొలి పురుడు పుట్టింట్లో పొయ్యాలి. ఎనిమిదో నెలలో పిల్లని కదపరు, తొమ్మిదిలో ఏ డాక్టరూ ప్రయాణం చెయ్యనివ్వడు. తీసుకురావాలంటే ఈ వారంలోనే తీసుకురావాలి. ఆ మాట రత్నమాణిక్యం మొగుడి చెవిన వేసింది. వాళ్ళింట్లోనే పోసుకోమను అన్నారాయన, పేపరు తిప్పుతూ. ఆవిడ లోపలికెళ్ళి, రుబ్బిన పిండినే మళ్ళీ రుబ్బింది.

ఆ రోజు పొద్దున బుల్లిబాబు గారు కాఫీ ముట్టుకోలేదు. ముందురోజు తణుకులో చుట్టాల పెళ్ళికి వెళ్ళారు. అక్కడ పాడింది కొడుకు ఆర్కెస్ట్రానే. భోజనాల బంతిలో పక్కనే కూర్చున్న తమ ఊరి పల్లంరాజు గారు, అరిసె తుంచుకుంటూ, నలుగురూ వినేలా ఒక మాటన్నారట.

"అమ్మాయిని రానివ్వకపోయినా గొంతుని రానిచ్చారు. సంతోషమండి బుల్లిబాబు గారూ."

గ్లాసు పక్కకి జరిపి ఆయన తిన్నగా కొడుకు గదిలోకి వెళ్ళారు. వెనకే రత్నమాణిక్యం వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"అది తీసెయ్" అన్నారాయన.

ఉదయభాస్కర్ తలెత్తలేదు. అది తీసేస్తే కోరస్సే ఉండదని, వచ్చే వారం పెద్దాపురంలో జాతర ప్రోగ్రాం ఉందని మెల్లిగా చెప్పాడు.

"ఉండక్కర్లేదు. నా ఎదురుగా తియ్యి."

"సరేనండి. ఏం తీయించేస్తున్నారో ఒకసారి వినండి మరి."

వాడు బొత్తాం తిప్పడం మొదలుపెట్టాడు. పాట మొదలయ్యే చోటు కన్నా ముందున్నదంతా వాడు వినపడకుండా మూసి ఉంచాడు తప్ప చెరపలేదు. తెరమీద చిన్న గీత ఎడమవైపుకి జరిగి జరిగి చివరికంటా వెళ్ళి ఆగింది. మెట్టు నొక్కాడు.

ముందు గరగరమని చప్పుడు. తర్వాత సాయిదుర్గ.

"నాన్నగారూ, ఫ్యాను కట్టెయ్యరా, గాలి చప్పుడు పడిపోతోంది."

ఫ్యాను ఆగింది. ఆ వెంటనే బుల్లిబాబు గారి గొంతే.

"కట్టేశాను తల్లీ. ఊపిరి కూడా బిగబట్టాను, కానియ్."

పిల్ల కిసుక్కున నవ్వింది. నవ్వు ఇంకా పూర్తిగా ఆగకుండానే "ఆ" అందుకుంది. అన్ని పెళ్ళిపందిళ్ళలోనూ మోగిన "ఆ" అదే. ఊపిరే తీసుకోకుండా పోతోంది. ఉదయభాస్కర్ వేలు తీసేదాకా పోతూనే ఉంది.

వాడు చెరిపే మీట నొక్కాడు. చెరపమంటారా వద్దా అని తెర మీద ప్రశ్న వచ్చింది. వాడు తండ్రి వైపు చూశాడు. బుల్లిబాబు గారు తెర వైపు చూస్తున్నారు. రత్నమాణిక్యం ఏడుపొస్తుందేమోనని ఎదురు చూసింది. రాలేదు. గుమ్మం పట్టుకున్న చేతివేళ్ళు తిమ్మిరెక్కాయని మాత్రం తెలిసింది.

"ఆ గొంతు ఎవరిదండీ?" అని అడిగింది.

"దుర్గదే కదా" అన్నారాయన. రెండేళ్ళలో ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదలు.

"దాన్ని అడగలేదు. ఊపిరి బిగబట్టినాయన ఎవరు? రెండేళ్ళయింది నేనాయన్ని చూసి. మీకెక్కడన్నా కనిపిస్తే, ఈ వారం దాటితే పిల్లని తీసుకురావడానికి ఉండదని చెప్పండి. మీకు చెప్పి చూశాను, లాభం లేకపోయింది."

ఆయన ఇక కీబోర్డు ముట్టుకోవద్దన్నట్టు కొడుకు వైపు చెయ్యి అడ్డంగా ఊపి, హాల్లోకి నడిచారు. ఫోను దగ్గర నిలబడి కూతురి నంబరు అడిగారు. తనకి తెలియదని చెప్పడానికి ఆయనకి సిగ్గేసినట్టుంది, గోడ వైపు తిరిగి అడిగారు. ఉదయభాస్కరే వచ్చి తిప్పి రిసీవరు చేతికిచ్చాడు.

అవతల ఫోను ఎత్తింది సాయిదుర్గే. ఎవరండీ అంది. మొక్కలు కావాలా అండి, ఎవరూ మాట్లాడరేంటి అని ఆ పిల్ల మళ్ళీ అడగడం గదంతా వినిపించింది. రత్నమాణిక్యం రిసీవరు కోసం చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు, రెండు చేతులతో పట్టుకున్నారు.

"నేనమ్మా, నాన్నని."

అవతల రిసీవరు దేనికో తగిలి టక్కుమంది.

"పెట్టెయ్యకు తల్లీ. రేపు నేనూ మీ అమ్మా వస్తాం, నిన్ను తీసుకురావడానికి. అల్లుడు గారితో నేనే మాట్లాడతాను." గోడ వైపు నుంచి భార్య వైపు తిరిగారు. "నాకు కూతుళ్ళే లేరని నీ మొహం మీద తలుపేశాను. తప్పు చేసింది నేనమ్మా."