రెండు వందల ఒకటో అడుగు

ఆదివారం మధ్యాహ్నం. బయట ముసురు. మూడో అంతస్తు ల్యాబులో ఆ పిల్ల ఒక్కతే కూర్చుంది. ఏసీలోంచి తడిగుడ్డ వాసన వస్తోంది. రేపు పొద్దున్నకల్లా ఆఖరి లెక్క గైడు గారి చేతిలో పెట్టకపోతే ఐదేళ్ల చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

లెక్కంటే కాగితం మీద చేసేది కాదు. ఒక అణువులోని పరమాణువులు ఎక్కడ కుదురుకుంటాయో రసాయన సాఫ్ట్‌వేర్ ఒక్కో అడుగూ జరిపి చూస్తుంది. దాన్ని నడిపే స్క్రిప్టు, అంటే కంప్యూటరుకిచ్చే ఆదేశాల వరస, అక్క రాసింది. తోడబుట్టిన అక్క కాదు, సీనియరు. పోయిన వానాకాలం జ్వరమొచ్చి చనిపోయింది. ఆ స్క్రిప్టులో, రెండు వందల అడుగులకు లెక్క ఆపేసే లైను ఒకటుంది. దాని పక్కనే అక్క మాట: "ఈ లైను తీయకు."

లెక్క ప్రతిసారీ అక్కడికొచ్చి, కుదరలేదంటూ ఆగిపోతోంది.

"ఇంకో పది అడుగులేగా అక్కా," అని గొణుక్కుంది. అంకె పెంచినా సరిపోయేది. విసుగులో లైనే లేపేసి మళ్లీ నడిపింది.

రెండు వందల ఒకటి. పన్నెండు పరమాణువులు ఉండాల్సిన చోట పదమూడు.

తర్వాతి అడుగుకి నలభై. తెర మీద చుక్కలు ఐదు వరసలుగా సాగాయి. వేళ్లు... అక్క చెయ్యి కాదు. అక్కకి చిటికెన వేలు సగమే ఉండేది. ఇవి నిండుగా ఉన్నాయి, మరీ పొడుగ్గా ఉన్నాయి.

మౌసు ముట్టుకోలేదు. అరచేయి తనంతట తనే ఇటు తిరిగింది.

లెక్క ఆపే మీట నొక్కింది. ఆగలేదు. మళ్లీ నొక్కింది... ఆగలేదు.

వెనక అక్క కుర్చీ కిర్రుమంది. కీబోర్డు టకటక. చిటికెన వేలు తగలని ఆ టకటక ఆమెకు బాగా తెలుసు.

లెక్క ఆగింది.

వెనక ఎవరూ లేరు. స్క్రిప్టులో తీసేసిన లైను మళ్లీ వచ్చి కూర్చుంది. పక్కన కొత్త మాట: "ఈసారికి ఆపాను. మళ్లీ నా వల్ల కాదు."

చదువు పోతే పోయింది. ఏడుస్తూనే గైడు గారికి ఫోన్ చేసింది. "సార్, ఆ లెక్క నేను చెయ్యలేను."

"నీకెందుకమ్మా శ్రమ? ఇంట్లో నేనూ మొదలుపెట్టాగా. ఏదో లైను అడ్డొస్తోందని తీసేశాను."

"సార్... ఆపెయ్యండి."

"ఒక్క నిమిషం తల్లీ, ఎవరో తలుపు తడుతున్నట్టున్నారు."

ఫోనులో ఆ చప్పుడు ఆమెకూ వినబడింది. తలుపు మీద కాదు. గాజు తెర మీద గోళ్లతో కొడుతున్న చప్పుడు.