పొడుగును బట్టి పేర్చిన ఫొటోలు

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ముందు జరిగింది వెనకా, వెనక జరిగింది ముందూ పడితే పడొచ్చు. మా చెల్లెలు కృపావతి ఈ సంగతి నాకు ఫోన్లో మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ వరస మారింది. అయినా పిడుగు దగ్గర మొదలుపెడితే తప్పు లేదు. మొదట పడింది పిడుగే.

అరకు పక్కన డుంబ్రిగుడ దాటి రెండు మలుపులు ఎక్కితే కృపావతి వాళ్ల ఊరు. ఆ జూలైలో ఒక మధ్యాహ్నం వాన ఇంకా మొదలు కాకుండానే వాళ్ల పెరటి మీద పిడుగు పడింది. గోడ మీద స్విచ్చుబోర్డు నల్లగా మాడిపోయింది. కంప్యూటర్ డబ్బాలోంచి కాలిన రబ్బరు వాసన వచ్చి, తెర ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు.

ఆ కంప్యూటర్ ఆమె భర్త ఫల్గుణది. ఆశ్రమ పాఠశాలలో పంతులుగా చేసేవాడు. కెమెరా కొన్నాక పదిహేనేళ్లపాటు ఊళ్లో ఏ పెళ్లి జరిగినా, ఏ పండగ వచ్చినా ఫొటోలు తీసి అందులో దాచాడు. కెమెరా కృపావతి చేతికిచ్చి తనను తీయించుకున్నవి ఓ నలభై ఉంటాయేమో. కిందటేడు జ్వరమొచ్చి పోయాడు. గోడకు ఒక పటం ఉందిగానీ, అది స్టూడియో వాడు కోటు తగిలించి, ముఖం తెల్లగా చేసి ఇచ్చింది. ఫల్గుణ బతికుండగా ఎన్నడూ కోటు వేసుకోలేదు.

కృపావతికి అప్పటికే మతిమరపు మొదలైంది. పొయ్యి మీద అంబలి పెట్టి మరిచిపోయేది. ఎదురుపడ్డ వాళ్ల పేర్లు అందక నవ్వేసి ఊరుకునేది. భర్త ముఖం తప్పిపోయినట్టు అనిపించినప్పుడల్లా కంప్యూటర్ తెరిచి చూసుకుని కుదుటపడేది. పిడుగు పడిన నాలుగో రోజు తెల్లవారుజామున లేచి కళ్లు మూసుకుంటే ఆమెకు కోటు కనిపించింది. ముఖం కనిపించలేదు. ఫల్గుణకు చిన్నప్పుడు గొడ్డలి తగిలి ఒక కనుబొమ్మ మధ్యలో తెగి ఉండేది. కుడిదా, ఎడమదా? ఎంతకీ గుర్తు రాలేదు.

పై ఊళ్లో ఉద్యోగం చేసే కొడుకు రవిబాబు, సెలవు దొరికినప్పుడు వచ్చి విశాఖ తీసుకెళ్తానన్నాడు. ఆమె ఆగలేదు. శుక్రవారం సంతకి వెళ్లే జీపెక్కి, ఆ డబ్బాను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని అరకు వెళ్లింది.

దుర్గాప్రసాద్ విజయనగరం నుంచి వచ్చి అక్కడ కంప్యూటర్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. మాటకారి. డబ్బా విప్పి చూసి, పిడుక్కి ఇంకెవరి కొంపా దొరకనట్టు మీదే కావాలొచ్చిందేటమ్మా అన్నాడు. లోపలి డిస్కు పూర్తిగా చావలేదని, దాన్ని తన కంప్యూటర్‌కి తగిలించి ముక్క ముక్కగా లాగుతానని చెప్పాడు. అయితే ఫొటోలకున్న పేర్లు రావు, తేదీలు రావు, అన్నీ ఉత్త నంబర్లుగా కలగాపులగంగా వస్తాయట.

మధ్యాహ్నం రెండు దాటేసరికి మంచు దిగిపోయింది. బయట జీపులు లైట్లు వేసుకుని నడుస్తున్నాయి. సంతలో అల్లం వాసన, తడిసిన గోనెల వాసన. జనం మాటలు దూరంగా, గుడ్డలో మూటకట్టినట్టు వినిపిస్తున్నాయి. షాపులో తెర ఒక్కటే తెల్లగా వెలుగుతోంది. ఫొటోలు పైనుంచి కిందికి, గీత గీతగా దిగుతున్నాయి.

మొదట ఆకాశం, తర్వాత చెట్ల తలలు, ఆ తర్వాత చాపరాయి వాగు దగ్గర బండ మీద కూర్చున్న ఫల్గుణ. కనుబొమ్మ తెగి ఉంది. ఎడమదే. కృపావతి తెర మీద వేలు పెట్టింది.

ఆ తర్వాత దిగిన ఫొటో ఏదో పెళ్లిలోది. అందులో కృపావతి కొంగు పట్టుకుని ఒక ఆడపిల్ల నిలబడి ఉంది. నాలుగేళ్లుంటాయి. తర్వాతి దాంట్లోనూ ఉంది. అప్పుడు పదేళ్లున్నట్టుంది. దాని తర్వాత దాంట్లో మళ్లీ చిన్నది. ఎందులోనూ ముఖం కనిపించదు. ఎప్పుడూ కృపావతి చీర కుచ్చిళ్లలోకో, భుజం వెనక్కో తిరిగి ఉంటుంది. ఒంటి మీది గౌను కృపావతి పాత చీరల గుడ్డ. ఆ చీరలన్నీ ఆమెకు గుర్తున్నాయి. పిల్లే గుర్తు లేదు.

దుర్గాప్రసాద్‌కి హుషారొచ్చింది. "తేదీలు పోతే పోనీయండమ్మా. ఈ పిల్లగుంట ఉంది కదా. పొడుగు బట్టి పెట్టేత్తే ఏది ముందో ఏది ఎనకో తేలిపోతాది."

అన్నట్టే పేర్చాడు. మోకాలి ఎత్తున ఉన్నవి ముందు, నడుము దాకా ఉన్నవి తర్వాత, భుజం దాకా వచ్చినవి చివర. పదిహేనేళ్లు చక్కగా కుదిరిపోయాయి. ఫల్గుణ జుట్టు కూడా ఆ వరసలోనే నెరుస్తూ వచ్చింది.

కృపావతి తెర మీంచి వేలు తీసేసింది. ఏడాది తర్వాత ఏడాది తన కొంగు పట్టుకుని తిరిగిన పిల్లను ఇంతలా మరిచిపోతుందా ఎవరైనా? జబ్బు ఇంత ముదిరిందా? ఈ సంగతి పైకి పొక్కితే...

"మీ మనవరాలేనా అమ్మా? నిలబడ్డం అచ్చం మీలాగే."

ఆమె తల ఊపింది.

పేర్లు లేకపోతే రేపు ఇంట్లో వెతుక్కోలేరు, చెప్పండి, ఆ గుంట పేరే ఫోల్డర్‌కి పెట్టేస్తానన్నాడు. కృపావతి వెతుక్కుంది. లోపల ఏమీ లేదు. అతను కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. తెలియదంటే అర్థమైపోతుంది అతనికి. నాలిక మీదికి మొదట వచ్చిన పేరు అనేసింది. అది ఆమె చనిపోయిన అత్తగారి పేరు.

"కనక."

అతను కొట్టాడు.

సంత చప్పుడు ఆగిపోయింది. ఆగిందో, ఆమెకు వినబడలేదో. అల్లం వాసన పోయింది. ఆముదం... వాము పొగ... పురిటి గది వాసన. మూసిన తలుపుల మధ్య నుంచి వచ్చినట్టు వెచ్చగా వచ్చి ముఖానికి తగిలింది.

తెర మీద ఇంకో ఫొటో దిగుతోంది. జుట్టు దిగింది. నుదురు దిగింది. ఈసారి పిల్ల ఇటు తిరిగి ఉంది. ఒక కనుబొమ్మ... రెండో కనుబొమ్మ.

ఎడమది మధ్యలో తెగి ఉంది.

దుర్గాప్రసాద్ గబగబా వెనక్కి వెళ్లి చాపరాయి ఫొటో తెరిచాడు. బండ ఉంది. ఫల్గుణ చొక్కా ఉంది. మెడ పైన ఒట్టి బూడిద రంగు చారలు. ఇంకోటి తెరిచాడు. అంతే. ఫల్గుణ ఉన్న నలభైలో ఒక్కదానిలోనూ అతని ముఖం మిగల్లేదు.

"డిస్కు మీద కొత్తది రాసిన చోట పాతది పోతాదమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "కానీ దీని మీద నేనేటీ రాయనేదు. ఆ పేరొక్కటే కొట్టేను... అదీ నా కంప్యూటర్లోనే."

వైర్లు పీకేశాడు. ఫొటోలెక్కించిన పెన్‌డ్రైవ్‌నూ డబ్బానూ చేతిలో పెట్టి, బేగి ఇంటికెళ్లిపోండన్నాడు.

ఇంటికి చేరేసరికి కోడలు చిట్టి రాగులు చెరుగుతోంది. కృపావతి పెన్‌డ్రైవ్‌ని టీవీకి పెట్టి చూపించి, ఈ పిల్లెవరే, నాకు మతి పోయింది, నువ్వైనా చెప్పు అని అడిగింది. చిట్టి చేట కింద పెట్టింది. చాలాసేపు చూసింది.

"అత్తా... పేరు పెట్టేసేవా?"

అప్పుడు గుర్తొచ్చింది కృపావతికి. చిట్టికి మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. ఆరో రోజున పోయింది. పురుడు పోసింది కృపావతే. పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే తలుస్తూ నీళ్లగిన్నెలో బియ్యపు గింజ వేయడం ఆ ఇంటి పద్ధతి. ఏ పేరుకి గింజ నిలబడితే ఆ పెద్ద మళ్లీ వచ్చినట్టు, బిడ్డకి ఆ పేరే. ఆ వేడుకకని ఫల్గుణ కెమెరా కూడా కొనుక్కొచ్చాడు. అంతలోనే బిడ్డ పోయింది. పేరు పెట్టకుండా పోయిన బిడ్డను చూరు కింద పూడ్చి, ఇంక తలవరు. పేరు లేనిదాన్ని ఎవరూ పిలవలేరు. పిలవకపోతే గడప దాటి రాదు. మా పుట్టింటి వాళ్లం చర్చికి వెళ్లేవాళ్లం. అందుకే ఇవన్నీ ఏదో మాట వరసకి అనేవనుకునేది కృపావతి.

చిట్టి ఏడవలేదు. ఆ తర్వాత ఆమెకు మరి పిల్లలు కలగలేదు. లేచి గిన్నెతో నీళ్లు తెచ్చింది. ఒక గింజ తీసుకుని, పెదవులు కదిలీ కదలకుండా ఆ పేరు అని, నీళ్లలో వదిలింది.

గింజ నిలువుగా నిలబడింది.

"ఇంక పిలవక్కర్లేదు," అంది చిట్టి. వెళ్లి అంబలి పోసింది. మూడు గిన్నెల్లో.

డిసెంబరులో నేను వెళ్లాను. కృపావతి ఒళ్లు చేసింది, ముఖంలో దిగులు లేదు. ఆ మాటా ఈ మాటా చెప్పుకుంటూ ఫల్గుణ ఉంటే ఈ చలికి మంట వేసేవాడన్నాను. ఆమె నవ్వేసి ఊరుకుంది. కాసేపయ్యాక నా చెవి దగ్గరికి వంగి, "ఫల్గుణ అంటే ఎవరక్కా?" అంది.

రవీ, అందుకే ఇది రాసి నీకు పంపుతున్నాను. పేర్లు ఒకసారి సరిచూడు నాయనా. నీ పేరు, చిట్టి పేరు, మీ అమ్మ పేరు తప్పు పోలేదు. మీ నాన్న పేరు రాయాల్సి వచ్చిన ప్రతిచోటా నా చెయ్యి కనక అని రాస్తోంది. కొట్టేసి, పైన ఫల్గుణ అని రాశాను. కొట్టేసినవి పొద్దుటికి మళ్లీ కొట్టివేత లేకుండా ఉంటున్నాయి.