రేడియో గది ఖాళీ చేసిన రోజు

ఆదివారం పొద్దున కాఫీ అయినా తాగకుండా కూతురు రేడియో గదిలో అట్టపెట్టెలు పరిచింది. మధ్యాహ్నం రేడియో క్లబ్బువాళ్లు వ్యాను తెస్తారు. నాన్న ఏళ్ల తరబడి పోగేసిన పాత వాల్వుల సెట్లు, సొంతంగా తయారు చేసుకున్న ట్రాన్స్‌మిటర్లు అన్నీ పట్టుకుపోతారు. ఆ తర్వాత ఇక ఈ గడప తొక్కకూడదని ఆమె తీర్మానించుకుంది. అలా అనుకున్నందుకు ఏడుపు రాలేదు. అమ్మ పోయినప్పటి నుంచి ఆమె మనసు మొద్దుబారిపోయింది.

తీగల మాస్టారని వీధంతా పిలిచే నాన్న మూల స్టూలు మీద కూర్చుని, అడిగినదానికల్లా తలూపుతున్నాడు.

"ఈ పెద్ద సెట్టు కూడా ఇచ్చేద్దామా?"

"ఇచ్చెయ్యమ్మా."

"ఒకప్పుడు తుడుస్తానన్నా ముట్టుకోనిచ్చేవాడివి కాదు."

"అప్పుడు వాల్వులు వెలుగుతుంటే చూడ్డం సరదాగా ఉండేది."

అమ్మ ఉంటే ఈపాటికి గుమ్మంలో నిలబడి, "ఈ డబ్బాలతోనే కాపురం చెయ్యండి, మధ్యలో నేనెందుకు!" అని దెప్పేది. పోయిన రోజు పొద్దున అమ్మ వంటగదిలో కుప్పకూలి పిలిచిందట. పక్కింటావిడకు వినపడింది. ఇదే గదిలో తలుపు మూసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న ఈయనకు మాత్రం వినపడలేదు. పక్కింటావిడ వచ్చి తలుపు బాదేసరికి అంతా అయిపోయింది. రేడియోలో ఎవరితో అంత ముచ్చట్లని కూతురు నిలదీసినా, బంధువులు దుమ్మెత్తిపోసినా మాస్టారు నోరు విప్పలేదు.

ఆమె సంచిలోంచి చిన్న అల్యూమినియం డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "ఇదీ వాళ్లకే పడెయ్యి. నీకు తెలీకుండా నేను చేసిన సెట్టు. ఆ పొద్దున నిన్ను ఆశ్చర్యపరుద్దామని మా ఇంటి నుంచి మోర్స్ కోడ్‌లో తెగ పిలిచాను. దిక్కుమాలింది, పనిచెయ్యలేదు."

మాస్టారు మూత తీసి, కళ్లజోడు పైకి నెట్టి లోపలికి చూశాడు.

"పంపే వైపు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వినే వైపే, ఇదిగో, ఈ డయోడు తిరగేసి అతికించావు."

"కరెంటైనా పెట్టకుండా, పంపే వైపు పనిచేస్తుందని నీకెలా తెలుసు?"

మాస్టారు గబుక్కున మూత వెయ్యబోయాడు. విప్పి పెట్టిన స్క్రూలు నేల మీద దొర్లాయి.

"నాన్నా, నిన్నే అడుగుతున్నా! ఆ పొద్దున నువ్వు వింటున్నది ఎవర్ని?"

"వద్దులే అమ్మా."

"చెప్పు!"

"చాలా సన్నగా వచ్చింది నీ సిగ్నలు. ఫ్యాను ఆపి, తలుపేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే గానీ అందలేదు. కాల్‌సైన్ వినగానే నువ్వేనని తెలిసిపోయింది. ఎంత పొంగిపోయానో! నేను జవాబిస్తూనే ఉన్నా, అది నీకు అందక నువ్వు మళ్లీ మళ్లీ పిలుస్తూనే ఉన్నావు. ఇదిగో ఇప్పుడు వింటుంది, ఇప్పుడు వింటుంది అనుకుంటూ కూర్చుండిపోయాను."

ఆమె అట్టపెట్టెల మధ్య కూలబడింది. "ఇన్నాళ్లూ చెప్పలేదేం? నేను నోటికొచ్చినట్టు తిడుతుంటే పడి ఊరుకున్నావా?"

"నన్ను తిడితే తట్టుకోగలనమ్మా. నిన్ను నువ్వు తిట్టుకుంటూ బతికితే చూడలేను."

ఆమె ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకుని, అమ్మ పోయాక మొదటిసారి బావురుమంది.