విశ్వం వెడల్పు ఎంత?

భోజనాల బెల్లు కొట్టినా ఎలిజబెత్ చార్టు దగ్గర జనం తగ్గలేదు.

ఆ రోజు స్కూల్లో సైన్సు ఎగ్జిబిషన్. ఏడో క్లాసు ఎలిజబెత్ సూర్యుణ్ణి, గ్రహాలను, నక్షత్రాల గుంపులను రంగులతో వేసింది. అట్టడుగున ‘విశ్వం వెడల్పు’ అని రాసి, పక్కన ఇరవై నాలుగు సున్నాలున్న సంఖ్య వేసింది. అది ఏ పుస్తకంలోనూ లేదు. చోటు ఖాళీగా ఉంటే బాగుండదని తనే కల్పించి రాసింది.

వెంకటప్పయ్య గారు ఆ సంఖ్య దగ్గరే ఆగిపోయారు. ఆయన సర్వే ఆఫీసులో పొలాలు కొలిచే పని చేసి రిటైరయ్యారు. పక్కన మనవరాలు మాణిక్యం ఉంది.

“దీన్ని ఎవరు కొలిచారమ్మా?”

“సైంటిస్టులండీ.”

“అబ్బో! ముప్పై ఏళ్ళు గొలుసు లాగాను. అవతలి హద్దురాయి కనబడందే ఒక్క సెంటు కూడా కొలవలేకపోయాం. వీళ్ళకి విశ్వం చివర కనబడిందన్నమాట! మాణిక్యం, రాసుకోవే.”

మాణిక్యం నేల మీద కూర్చుని, వేలు పెట్టి ఒక్కో సున్నా లెక్కపెడుతూ నోటుబుక్కులో రాసుకుంది. వాళ్ళు వెళ్ళగానే ఎలిజబెత్ ఛాయాదేవి టీచరు దగ్గరికి వెళ్ళింది.

“టీచర్, విశ్వం వెడల్పు నిజంగా ఎంత?”

“కనిపించినంతవరకే లెక్క చెప్పగలరు. కొన్ని నక్షత్రాల గుంపుల వెలుగు మన దాకా రావడానికి వందల కోట్ల ఏళ్ళు పట్టిందట. ఆ అవతల ఎంత ఉందో, అసలు చివరంటూ ఉందో లేదో ఎవరికీ తెలియదు. మరి నీ సంఖ్య ఎక్కడిది?”

“నేనే... కల్పించాను టీచర్.”

టీచరు కోప్పడలేదు. “జడ్జీలు పక్క గదిలోకి వచ్చేశారు” అని మాత్రం అన్నారు.

ఎలిజబెత్ చార్టు వైపు చూసింది. గేటు వైపు చూసింది. గేటు వైపే పరుగెత్తింది.

“తాతగారూ, ఆగండి! ఆ సంఖ్య తప్పండీ. నేనే కల్పించాను. సైంటిస్టులకు కూడా చివర కనబడలేదు.”

వెంకటప్పయ్య గారు వెనక్కి తిరిగారు. “ఇంత దూరం పరుగెత్తుకొచ్చి చెప్పావా తల్లీ!” అన్నారు.

మాణిక్యం నోటుబుక్కు తెరిచింది. “మరి ఇక్కడ ఏం రాయనక్కా?”

ఎలిజబెత్ పెన్సిలు తీసుకుని సంఖ్యను కొట్టేసింది. ‘ఇంకా తెలియదు’ అని రాసింది.

తిరిగొచ్చేసరికి జడ్జీలు ఆమె బల్ల దాటి వెళ్ళిపోయారు. అయినా చార్టు మీద కూడా సంఖ్యను కొట్టేసింది.

అంతలో ఒకావిడ వచ్చి, “విశ్వం ఎంత పెద్దది పాపా?” అని అడిగింది.

“ఇంకా తెలియదండీ” అంది ఎలిజబెత్ అందరికీ వినబడేలా. “ఎంతవరకు తెలుసో చెబుతాను, రండి.”